మిల్టెన్‌బెర్గ్‌లో క్రూయిజ్ ఆగే నాలుగున్నర గంటలు: రోటెన్‌బుర్గ్ బస్సెక్కాలా, ఊళ్లోనే ఉండాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదండీ. సెప్టెంబర్ చివర్లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బుడాపెస్ట్ దాకా రెండు వారాల రివర్ క్రూయిజ్, మీరూ మీ ఆవిడా, అమ్మగారూ నాన్నగారూ. మధ్యలో ఒక ఆదివారం పొద్దున 9కి షిప్ జర్మనీలో మైన్ నది ఒడ్డున మిల్టెన్‌బెర్గ్ అనే చిన్న ఊళ్లో ఆగుతుంది, మధ్యాహ్నం ఒకటిన్నరకి కదులుతుంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పి, అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు. ఆ ఊరి పేరు ఎవరూ వినలేదు, అక్కడేం ఉంటుందో తెలీదు, షిప్ వాళ్లేమో అదే రోజు రోటెన్‌బుర్గ్ అనే ఇంకో పాత ఊరికి బస్సు టూర్ అమ్ముతున్నారు, మనిషికింత అని కట్టి అది తీసుకోవడం మంచిదా అని.

సూటిగా చెప్తున్నా, బస్సు వద్దు, ఊళ్లోనే ఉండండి. ఊళ్లో కూడా అన్నీ చూసెయ్యాలని పెట్టుకోకండి, రెండు పనులు పెట్టుకోండి చాలు. మధ్యాహ్నం షిప్ కదిలాక మాత్రం కేబిన్లోకి వెళ్లి పడుకోకండి, ఆ రోజుకి అసలైంది అప్పుడే మొదలవుతుంది, దాని గురించి చివర్లో చెప్తా.

నేను ఆషఫెన్‌బుర్గ్ దగ్గర పధ్నాలుగేళ్లుగా ఉంటున్నానండి, మిల్టెన్‌బెర్గ్ మాకు లోకల్ రైల్లో వెళ్లొచ్చే దూరం. ఎనిమిది సీజన్లు ఇండియా నుంచి వచ్చే గ్రూపులకి టూర్ మేనేజర్‌గా ఇదే రూట్లో షిప్పుల మీద తిరిగాను, మా అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్లాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

రోటెన్‌బుర్గ్ ఎందుకు వద్దంటున్నానంటే, ఊరు బాగోదని కాదు, చాలా బాగుంటుంది. కానీ మిల్టెన్‌బెర్గ్ నుంచి బస్సులో వెళ్లడానికే గంటన్నర దాకా పడుతుంది, తిరిగి రావడం ఇక్కడికి కాదు, షిప్ ఈలోపు ముందుకి వెళ్లిపోతుంది కాబట్టి వెర్ట్‌హైమ్‌లోనో ఇంకోచోటో మిమ్మల్ని అందుకుంటుంది. అంటే దాదాపు మూడు గంటలు బస్సులో కూర్చోవడం, దిగాక ఆ ఊరంతా ఎగుడుదిగుడు రాళ్లు, గైడ్ వెనకాల నలభై మందితో పరుగు. మోకాళ్ల నొప్పి ఉన్నాయనకి బస్సులో కాళ్లు ముడుచుకుని కూర్చోవడం నడవడం కంటే కష్టం, ఇది నేను ఒక్కసారి కాదు చాలాసార్లు చూశాను. పైగా ఆ మర్నాడో అదే రోజు రాత్రో మీ షిప్ వ్యూర్ట్స్‌బుర్గ్ వెళ్తుంది కదా, అక్కడ యునెస్కో లిస్టులో ఉన్న రెసిడెన్స్ ప్యాలెస్ చూస్తారు, 1752-53లో ఇటలీ చిత్రకారుడు టియెపోలో వేసిన సీలింగ్ చిత్రం చూస్తారు, అంటే పెద్ద పెద్ద విశేషాలకి మీ ట్రిప్‌లో లోటేం లేదు. లోటు ఉన్నదల్లా ఊపిరి పీల్చుకునే సగం రోజు. ఆ సగం రోజు మీకు మిల్టెన్‌బెర్గ్ ఇస్తుంది, దాన్ని కూడా బస్సుకి ఇచ్చెయ్యకండి.

ఊరు ఎలా ఉంటుందంటే, మైన్ నదికి ఎడమ గట్టున, నదికీ వెనకాల కొండకీ మధ్య ఇరుక్కున్న సన్నటి పట్టీ లాగా ఉంటుంది. ఒకటే మెయిన్ రోడ్డు, హౌప్ట్‌స్ట్రాసె అంటారు, నదికి సమాంతరంగా పోతుంది, ఒక చివర మైంట్స్ గేటు, రెండో చివర వ్యూర్ట్స్‌బుర్గ్ గేటు. తప్పిపోవడం అనేది ఉండదు, ఎటు పోయినా ఏదో ఒక సందులోంచి నది కనిపిస్తుంది. షిప్పులు కట్టేది ఊరివైపు గట్టుకే కాబట్టి దిగి కొన్ని నిమిషాలు నడిస్తే పాత ఊళ్లో ఉంటారు. నాన్నగారికి ఇది పెద్ద వరం, ఎందుకంటే నది వెంబడి, మెయిన్ రోడ్డు వెంబడి నేల దాదాపు చదునే. ఎక్కుడు అంతా కొండ వైపే.

చూడాల్సింది ముఖ్యంగా పాత మార్కెట్ చదరం, దాన్ని ష్నాటర్‌లోఖ్ అంటారు. పైకి వాలుగా ఉంటుంది, చుట్టూ ఫాఖ్‌వెర్క్ ఇళ్లు, అంటే చెక్క దూలాలతో ముందు చట్రం కట్టి మధ్యలో మట్టీ గడ్డీ కలిపి నింపిన ఇళ్లు. మన పాత ఇళ్లల్లో దూలాలు లోపల తలెత్తి చూస్తే కనిపిస్తాయి, ఇక్కడ గోడ బయటే అడ్డంగా, ఏటవాలుగా కనిపిస్తుంటాయి. మధ్యలో ఎర్ర రాతితో చెక్కిన 1583 నాటి ఫౌంటెన్. ఆ ఎర్ర రాయే ఈ ప్రాంతం మొత్తానికి ప్రాణం, ఇసుకరాయి, చుట్టుపక్కల కొండల్లోనే తీసేవాళ్లు. మీ షిప్ అంతకు ముందు మైంట్స్‌లో ఆగితే అక్కడ కేథడ్రల్ దగ్గర మార్కెట్లో ఒంటరిగా నిలబెట్టిన పెద్ద రాతి స్తంభం గమనించండి, అది మిల్టెన్‌బెర్గ్ దగ్గర కొండ మీద చెక్కి వందల ఏళ్లు అక్కడే వదిలేసిన స్తంభాల్లో ఒకటి, 1975లో కేథడ్రల్ వెయ్యేళ్ల సందర్భానికి తెచ్చి నిలబెట్టారు. ఆ మైంట్స్ ఆర్చ్‌బిషప్పులే ఇక్కడ కొండ మీద మిల్డెన్‌బుర్గ్ కోట 1200 ప్రాంతంలో కట్టించింది, నదిలో పోయే సరుకు పడవల దగ్గర సుంకం వసూలు చేసుకోవడానికి. ఊరు పెరిగింది ఆ సుంకం మీదే. షిప్ డెక్ మీద నుంచి కోటని చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే ఆ కోట అక్కడే ఎందుకుందో ఇట్టే తెలిసిపోతుంది, నది మలుపు మొత్తం దాని కళ్ల ముందే ఉంటుంది.

మార్కెట్ నుంచి మెయిన్ రోడ్డు మీద కొంచెం నడిస్తే "త్సుమ్ రీజెన్" అనే సత్రం వస్తుంది, ఇప్పుడున్న భవనం 1590 నాటిది, జర్మనీలో అత్యంత పాత సత్రాల్లో ఒకటని చెప్పుకుంటారు. బయట నుంచి చూసినా చాలు. మార్కెట్‌కి అటువైపు ష్వార్ట్స్‌ఫీర్టెల్ ఉంటుంది, అంటే నల్ల పేట. కొండ అడ్డుగా ఉండి చలికాలంలో నెలల తరబడి ఎండ పడదు కాబట్టి ఆ పేరు. టూరిస్టులు తక్కువ వస్తారు, కిటికీల్లో పూలకుండీలు, గుమ్మం ముందు ఊడ్చుకుంటున్న పెద్దావిడ, అంతే ఉంటుంది. నాకు ఊరు మొత్తంలో ఇష్టమైన చోటు అదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎవరూ చెప్పరు. కొండ ఊరికి దక్షిణాన ఉంటుంది, కాబట్టి సెప్టెంబర్ చివర్లో పొద్దున తొమ్మిదింటికి మార్కెట్ చదరం నీడలో ఉంటుంది, నది మీద పొగమంచు కూడా ఉండొచ్చు. షిప్‌లో వెచ్చగా ఉందని పల్చటి చొక్కాతో దిగితే పెద్దవాళ్లు పది నిమిషాల్లో వణుకుతారు. స్వెట్టర్, మఫ్లర్ తప్పనిసరి. ఎండ కావాలంటే నది గట్టుకి వచ్చెయ్యండి, అక్కడ బెంచీలు ఉంటాయి.

ఇప్పుడు అసలు సమస్య, ఆదివారం. జర్మనీలో ఆదివారం అంటే షాపులు మూత, ఇది ఆచారం మాత్రమే కాదు, చట్టం. సూపర్ మార్కెట్, బట్టల షాపు, మందుల షాపు అన్నీ మూసే ఉంటాయి. బేకరీలు పొద్దున కొన్ని గంటలు తీస్తారు, కెఫేలు, హోటళ్లు ఉంటాయి, సావనీర్ షాపులు కొన్ని ఉండొచ్చు. ఒకసారి మా గ్రూపులో ఒకావిడ హైదరాబాద్ నుంచి వచ్చారు, బీపీ మాత్రలు అయిపోయాయి, "ఆదివారం ఆగుతాం కదా, ఊళ్లో కొనుక్కుంటా" అని శనివారం ఆగిన పెద్ద ఊళ్లో ఊరుకున్నారు. మిల్టెన్‌బెర్గ్‌లో దిగితే వీధి మొత్తం షట్టర్లు. ఆదివారం ఎమర్జెన్సీ డ్యూటీలో ఒక మందుల షాపు ఉంటుంది కానీ అది ఈ ఊళ్లోనే ఉండాలని లేదు, వంతుల వారీగా చుట్టుపక్కల ఊళ్లకి మారుతుంటుంది, ఆ రోజు మాకు పక్క ఊరు పడింది, టాక్సీ కోసం నలభై నిమిషాలు, పైగా మన ప్రిస్క్రిప్షన్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం ఇంకో తంతు. నాన్నగారి మందులు మొత్తం ట్రిప్‌కి సరిపడా, పైన ఒక వారానికి ఎక్కువ, ఇండియాలోనే కొనుక్కుని డాక్టర్ చీటీతో సహా తెచ్చుకోండి.

ఆదివారం పొద్దున చర్చిల్లో ప్రార్థనలు కూడా ఉంటాయి. మార్కెట్ పక్కన సెయింట్ జేకబ్ చర్చి జంట గోపురాలతో కనిపిస్తుంది, లోపలికి వెళ్లాలనిపిస్తుంది, కానీ ప్రార్థన జరుగుతుంటే ఫోటోల కోసం లోపలికి పోకండి, అయ్యాక వెళ్లండి. మన గుళ్లో హారతి ఇచ్చేటప్పుడు ఎవరో కెమెరా పట్టుకుని అడ్డంగా తిరిగితే ఎలా ఉంటుందో వాళ్లకీ అలాగే ఉంటుంది. గంటలు మాత్రం బయట నిలబడి వినండి, ఆ ఇరుకు లోయలో ఆ మోత కొండకి తగిలి తిరిగొస్తుంది, మా నాన్న ఐదు నిమిషాలు కదలకుండా నిలబడిపోయారు.

మీరు నలుగురూ ఎప్పుడూ కలిసే ఉండాలని పెట్టుకోవద్దని నా సలహా. షిప్ వాళ్ల ఫ్రీ వాకింగ్ టూర్ ఉంటుంది, చాలా కంపెనీలు "నెమ్మది గ్రూపు" అని విడిగా పెడతారు, ముందు రోజు రాత్రే రిసెప్షన్‌లో అడిగి నాన్నగారి పేరు అందులో రాయించండి. నలుగురూ కలిసి ఆ టూర్ చెయ్యండి, గంటన్నర. తర్వాత అమ్మానాన్నల్ని ఏదైనా కెఫేలో కిటికీ పక్కన కూర్చోబెట్టి మీరిద్దరూ కోటకి ఎక్కిరండి. మార్కెట్ పై చివర టవర్ కింద నుంచి దారి ఉంది, మెట్లూ ఎక్కుడూ, మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకి పావుగంట. పైన రోమన్ల కాలం నాటి ఒక రాతి స్తంభం ఉంది, దాదాపు ఐదు మీటర్లు, 1878లో పక్క కొండ మీద దొరికింది, మీద లాటిన్‌లో మొదలుపెట్టి వదిలేసిన అక్షరాలు. ఈ ఊరు రోమన్ సామ్రాజ్యం సరిహద్దు మీద ఉండేదండి, ఆ సరిహద్దు గోడ లీమెస్‌ని 2005లో యునెస్కో గుర్తించింది. కోట మ్యూజియం టైమింగులు సీజన్ని బట్టి మారతాయి, ఊరి టూరిస్ట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో బయల్దేరే ముందే చూసి పెట్టుకోండి. మూసి ఉన్నా పైకి ఎక్కడం దండగ కాదు, నది మలుపూ, ఎర్ర పెంకుల కప్పులూ, కింద మీ షిప్పూ అక్కడి నుంచే బాగా కనిపిస్తాయి. నాన్నగారు కూడా వస్తానని పట్టుబడతారు, దయచేసి ఒప్పుకోకండి. ఎక్కేటప్పుడు ఏమీ కాదు, దిగేటప్పుడు మోకాలు పట్టేస్తుంది, మిగతా ట్రిప్ మొత్తం పాడవుతుంది.

అమ్మగారి తిండి సంగతి. శాకాహారం అంటే ఇక్కడ గుడ్డు కూడా కలిసిపోయే శాకాహారం, అందుకని పేర్లు తెలుసుకుని వెళ్లాలి. మెనూలో వెజిటేరియన్ కింద తప్పకుండా కనిపించేది కేజెష్పెట్స్‌లె, చీజ్ వేసిన నూడుల్స్ లాంటిది, దాని పిండిలోనే గుడ్డు ఉంటుంది. ఫ్లామ్‌కూఖెన్ అని పల్చటి రొట్టె మీద క్రీమూ ఉల్లిపాయా వేసి కాలుస్తారు, మామూలుగా దాని మీద పంది మాంసం ముక్కలు వేస్తారు, "ఓనె ష్పెక్" అంటే అది లేకుండా ఇస్తారు. ఈ వైపు గ్రూన్‌కెర్న్ అని పచ్చి గోధుమని కాల్చి ఆరబెట్టిన గింజతో సూప్ చేస్తారు, వాసన అద్భుతం, కానీ చాలా చోట్ల మాంసం రసంలో ఉడికిస్తారు, అడగకుండా తీసుకోకండి. నిశ్చింతగా తినగలిగేది ఉడికించిన బంగాళాదుంపలు క్వార్క్‌తో, అంటే గట్టి పెరుగు లాంటిది, మీద ఉల్లికాడలు చల్లి ఇస్తారు, మా అమ్మ కారప్పొడి జల్లుకుని రెండు ప్లేట్లు తిన్నది. కాబట్టి చిన్న డబ్బాలో కారప్పొడి జేబులో పెట్టుకోండి. కేకులు అమ్మగారికి వద్దు, దాదాపు అన్నిట్లో గుడ్డే. ఇంకోటి, చిన్న ఊళ్లల్లో మధ్యాహ్నం రెండు తర్వాత వంటగది మూసేస్తారు, మీరు ఒంటిగంటకే షిప్‌లో ఉండాలి కాబట్టి ఆ సమస్య రాదు, పన్నెండుకి ముందు మాత్రం కెఫే తిండే దొరుకుతుంది. భోజనం షిప్‌లోనే పెట్టుకోవడం మేలు.

నగదు తీసుకెళ్లండి. చిన్న బేకరీల్లో కార్డు తీసుకోకపోవచ్చు, పబ్లిక్ టాయిలెట్లకి అర యూరో, యూరో చిల్లర కావాలి. షిప్ దిగే ముందే అందరూ టాయిలెట్‌కి వెళ్లిరావడం అనేది నేను ప్రతి గ్రూపుకీ బస్సులో పిల్లలకి చెప్పినట్టు చెప్పేదాన్ని, పెద్దవాళ్లకి అది చాలా ఉపయోగం. ఎవరైనా ఎదురైతే "గ్రూస్ గాట్" అనండి, ఇది బవేరియా, మన నమస్కారం లాంటిదే, తప్పకుండా తిరిగి పలకరిస్తారు.

మీరు వెళ్లేది ద్రాక్ష కోతల సీజన్. ఫెడర్‌వైసెర్ అని ఇంకా పులుస్తున్న కొత్త వైన్ దొరుకుతుంది, ఈ ప్రాంతంలో బ్రెమ్సెర్ అంటారు. తాగేవాళ్లయితే అక్కడే గ్లాసులో తాగండి. బాటిల్ కొనుక్కుంటే నిలబెట్టే పట్టుకెళ్లాలి, గ్యాస్ పోవడానికి మూత వదులుగానే ఉంచుతారు. మా గ్రూపులో ఒకాయన దాన్ని అడ్డంగా సూట్‌కేసులో పెట్టారు, పట్టుచీరలు రెండు పోయాయి.

టైము గురించి గట్టిగా చెప్పాలి. ఒకటిన్నరకి బయల్దేరుతుందంటే ఒంటిగంటకి మీరు లోపల ఉండాలి. షిప్ మీకోసం ఆగదు, ఎందుకంటే ముందు లాకుల దగ్గర దానికి వంతు ఉంటుంది. గోదావరి జిల్లాల వాళ్లకి లాకులంటే చెప్పక్కర్లేదు, కాలవ మీద పడవని గదిలో పెట్టి నీళ్లు నింపి పైకి లేపే ఏర్పాటు, అవే ఇవీను, కాకపోతే 12 మీటర్ల వెడల్పు గదిలో పదకొండున్నర మీటర్ల షిప్‌ని దూరుస్తారు. రైన్‌లో కలిసే చోటు నుంచి బాంబెర్గ్ దాకా మైన్ మీద ఇవి 34 ఉన్నాయి. దిగేటప్పుడు ఇచ్చే కార్డు మెడలో వేసుకోండి, ఆ రోజు ప్రోగ్రామ్ కాగితం ఫోటో తీసి పెట్టుకోండి, దాని మీద షిప్ ఫోన్ నంబర్, తర్వాత ఆగే ఊరి పేరు ఉంటాయి. పాస్‌పోర్టులు చాలా షిప్పుల్లో రిసెప్షన్ వాళ్లే దగ్గర పెట్టుకుంటారు, జిరాక్సు మీ దగ్గర ఉండాలి.

ఒకవేళ షిప్ తప్పిపోతే కంగారు పడకండి, ఇది జరిగింది కూడా. ఒక జంట నల్ల పేటలో ఫోటోలు తీసుకుంటూ టైము చూసుకోలేదు, గట్టుకి వచ్చేసరికి షిప్ వంతెన దాటేసింది. నాకు ఫోన్ చేశారు, ఇద్దరి గొంతులూ వణుకుతున్నాయి. నది మీద ఇక్కడి నుంచి వెర్ట్‌హైమ్ దాకా ముప్పై కిలోమీటర్ల పైన, మధ్యలో ఫ్రాయిడెన్‌బెర్గ్, ఫౌల్‌బాఖ్ రెండు లాకులు, షిప్‌కి మూడు నాలుగు గంటలు పడుతుంది. అదే రైలయితే అరగంట, ముప్పావుగంట. స్టేషన్ నదికి అవతలి గట్టున, వంతెన దాటి నడవాలి. ఆదివారం రైళ్లు తక్కువ కానీ షిప్ కంటే ముందు చేరిపోతారు. వాళ్లు వెర్ట్‌హైమ్‌లో గట్టు మీద కాఫీ తాగుతూ మాకోసం ఎదురుచూస్తూ కనిపించారు. కానీ ఇది అన్నివేళలా కుదరదు, ఆ షిప్ వెర్ట్‌హైమ్‌లో ఆగింది కాబట్టి సరిపోయింది. మీ షిప్ తర్వాత ఆగేది ఎక్కడో ముందే చూసుకోండి.

వరదల సంగతి కూడా అడుగుతారేమో. రైన్, డాన్యూబ్ మీద కొన్ని చోట్ల వేసవిలో నీళ్లు తగ్గి షిప్పులు ఆగిపోతాయి, మైన్ మీద ఆ బాధ తక్కువ, ఆనకట్టలూ లాకులూ నీటిని నిలబెడతాయి. ఇక్కడి ఇబ్బంది నీళ్లు పెరిగితే, వంతెనలు తక్కువ ఎత్తు, కింద నుంచి పట్టదు. అప్పుడు మిల్టెన్‌బెర్గ్ తీసేసి ఇంకో ఊళ్లో ఆపొచ్చు, లేదా బస్సులో తిప్పొచ్చు. సెప్టెంబర్‌లో అరుదే, అయినా ఈ ఊరి కోసం ఏదైనా విడిగా డబ్బు కట్టి బుక్ చేసుకోకండి. నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చేవో ఈ నది ఊళ్లల్లో గోడల మీద చెక్కిన గీతలు చెప్తాయి, మైన్ వాళ్లు 1342 జూలై వరదనీ, 1784 ఫిబ్రవరిలో మంచుగడ్డలతో వచ్చిన వరదనీ ఇంకా తలుచుకుంటారు. ఒకసారి రాజమండ్రి నుంచి రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజనీరు గారొకరు వచ్చారు, గ్రూపంతా కోటకి వెళ్తే ఆయన అలాంటి గీత దగ్గరే ఉండిపోయి, తన ఎత్తుతో కొలుచుకుని, ధవళేశ్వరం దగ్గర 1986లో తాము చూసిన నీళ్ల గురించి అక్కడి ముసలాయనకి చేతులతో చెప్తున్నారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పావుగంట మాట్లాడుకున్నారు. నిశ్శబ్దంగా ఉండే ఊళ్లో దిగితే ఇలాంటివి జరుగుతాయండి, బస్సు టూర్లో జరగవు.

ఇక మధ్యాహ్నం. ఒకటిన్నరకి షిప్ కదిలాక వెర్ట్‌హైమ్ వైపు పోయే ఈ ముక్క మైన్ మొత్తంలో అందమైన వాటిలో ఒకటి, రెండు వైపులా అడవి కొండలు, చాలా క్రూయిజులు దీన్ని రాత్రి దాటేస్తాయి, మీకు పగలు పడింది. రోటెన్‌బుర్గ్ బస్సెక్కినవాళ్లు దీన్నే పోగొట్టుకుంటారు. ఎగువకి వెళ్తున్నారు కాబట్టి ముందుగా కుడివైపు ఫ్రాయిడెన్‌బెర్గ్ ఊరూ దాని మీద కూలిన కోటా వస్తాయి, అటు గట్టు బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం, షిప్‌కి ఎడమవైపు గట్టు బవేరియా, నదే సరిహద్దు. తర్వాత ఎడమవైపు ష్టాడ్ట్‌ప్రోట్సెల్టెన్ ఊరి మీద హెన్నెబుర్గ్ కోట. వంతెనల కోసం పై డెక్ మూసేస్తే ముందు లాంజ్‌లో అద్దాల దగ్గర సీట్లు ఉంటాయి, భోజనం కాగానే నాన్నగారిని అక్కడ కూర్చోబెట్టండి, పన్నెండున్నరకే మీలో ఒకరు షిప్‌కి వచ్చి ఆ సీట్లు పట్టుకుంటే ఇంకా మంచిది. మొదటి లాకు ఫ్రాయిడెన్‌బెర్గ్ దగ్గరే, గోడ కిటికీకి జానెడు దూరంలో కిందికి జారిపోతుంటుంది, ఆయన్ని నిద్రపోనివ్వకండి.